నలభై లక్షల అప్పుతో వేలిముద్రలు దొరుకుతాయా?

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. ఆనవాళ్లు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు 24 ఏళ్లు. బీజెడ్‌సీతో డిగ్రీ పూర్తి చేశారు. ఉద్యోగాల్లో చేరేవాళ్ల సర్టిఫికెట్లు, పాత ఉద్యోగాల వివరాలు నిజమో కాదో సరిచూసే ఒక కంపెనీలో, మాదాపూర్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నారు. జీతం 27 వేలు. తండ్రి ఆర్టీసీ డ్రైవరు, వచ్చే ఏడాది పదవీ విరమణ. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడతారు. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. 120 గజాల్లో సొంత ఇల్లు, దాని అప్పు తీరి మూడేళ్లయింది. డాలస్‌లో ఉన్న బాబాయి ప్రోత్సాహంతో, అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ సాయంతో, అమెరికాలో క్రిమినల్ జస్టిస్ ఎంఎస్‌కు దరఖాస్తు చేస్తే సీటు వచ్చింది. రెండేళ్లకు ఫీజు, ఖర్చులు కలిపి 40 లక్షలు. ఇల్లు తాకట్టు పెడితే 11 శాతం వడ్డీకి ఇస్తామంది బ్యాంకు. నెల వాయిదా 55 వేలు ఉంటుందని, అక్కడి పోలీసు శాఖ జీతాల్లో అదొక లెక్కలోది కాదని కన్సల్టెన్సీ చెప్పింది. ఈ నెలాఖరులోగా విశ్వవిద్యాలయానికి అడ్వాన్సు కట్టాలి.

ఈ చదువు మీద ఆమెకు మనసు ఎందుకు పడిందో కూడా రాశారు. పన్నెండేళ్ల వయసులో పక్కింట్లో బంగారం పోయింది. ఆ ఇంటి పనిమనిషి కొడుకు మీద అనుమానంతో రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. తర్వాత క్లూస్ టీమ్ వచ్చింది. అందులో ఒకాయన బీరువా మీద పొడి చల్లి, కుంచెతో దులిపి, టేపుతో ముద్రలు తీసుకున్నాడు. అవి ఆ కుర్రాడివి కావని తేలింది. అతను తిరిగొచ్చిన సాయంత్రం వాళ్లమ్మ గుమ్మంలో కూర్చుని ఏడవడం తనకు ఇప్పటికీ గుర్తుందట.

చివర్లో ఇలా అడిగారు: “నేను తెలివైన పని చేస్తున్నానా, నేల విడిచి సాము చేస్తున్నానా? నాన్న ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కాగితాల మీద సంతకం పెడతానన్నారు. నాకు భయం వేస్తున్నది అక్కడే.”

*

అమ్మా, నేను ముప్పై ఏళ్ల పైచిలుకు బ్యాంకులో పనిచేశాను. అందులో చాలా కాలం విద్యారుణాల బల్ల వెనకే గడిచింది. కాబట్టి ఉత్తరం చదవగానే చెయ్యి క్యాలిక్యులేటర్ మీదికి పోయింది. కానీ అంకెల కంటే ముందు వేరే సంగతి చెప్పాలి.

మీ ఏడు పేజీల్లో దాదాపు రెండు పేజీలు ఆ వేలిముద్రల ఆయన గురించే. కుంచె పట్టుకున్న తీరు, చేతి తొడుగులు, ఎవరినీ పట్టించుకోకుండా పని చేసుకుపోవడం, అన్నీ రాశారు. చేరబోయే కోర్సు గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు. వాటిలో రెండు క్యాంపస్ అందం గురించి. ఏ సబ్జెక్టులు చెబుతారో ఒక్క మాట కూడా లేదు. విశ్వవిద్యాలయం వారి పాఠ్యాంశాల జాబితా తెరిచి చూశారా?

చూస్తే కనిపించేది ఇది: నేర సిద్ధాంతాలు, పోలీసు వ్యవస్థ నిర్వహణ, న్యాయస్థానాలు, జైళ్ల పాలన, పరిశోధనా పద్ధతులు, గణాంకాలు. మంచి చదువే. సమాజంలో నేరం ఎందుకు పుడుతుంది, శిక్షలు పనిచేస్తాయా లేదా అని ఆలోచించేవాళ్లకు అది సరైన చోటు. కానీ అందులో బీరువా ఉండదు, పొడి ఉండదు. మీరు ప్రేమించినది ఫోరెన్సిక్ సైన్సు, సీటు వచ్చినది క్రిమినల్ జస్టిస్. బయటివాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. కన్సల్టెన్సీ వాళ్లకు తేడా తెలిసే ఉంటుంది, అయితే సీటు సులువుగా వచ్చే చోటికి పంపడం వాళ్ల వ్యాపారం.

ఇప్పుడు లెక్క. వాయిదా 55 వేలు అన్నారే, అది నలభై లక్షలను ఈ రోజే మొత్తంగా తీసుకుని, వచ్చే నెల నుంచే పదేళ్లపాటు కడితే వచ్చే అంకె. విద్యారుణం అలా నడవదు. చదివినంత కాలం, ఆపైన సాధారణంగా ఒక ఏడాది వాయిదా ఉండదు. దాన్ని మారటోరియం అంటారు. వాయిదా ఆగుతుంది కానీ వడ్డీ ఆగదు. మొదటి ఏడాది 20 లక్షలు, రెండో ఏడాది 20 లక్షలు తీసుకున్నారనుకుందాం. మొదటి ఇరవైకి మూడేళ్ల బారువడ్డీ 6 లక్షల 60 వేలు. రెండో ఇరవైకి రెండేళ్లది 4 లక్షల 40 వేలు. మొత్తం 11 లక్షలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు ఇదంతా అసలులో కలిసి మీ అప్పు 51 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 70 వేలు. పదిహేనేళ్లకు సాగదీస్తే 58 వేలు, కానీ అప్పుడు చివరికి కట్టే మొత్తం కోటి దాటుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కడుతూ పోతే ఈ పదకొండు లక్షల బరువు తప్పుతుంది. అందుకు మొదటి ఏడాది నెలకు 18 వేలు, రెండో ఏడాది నుంచి 36 వేల పైన కావాలి. మీ జీతం అప్పటికి ఆగిపోయి ఉంటుంది, నాన్నగారిది కూడా.

నెలకు 70 వేలంటే సుమారు 800 డాలర్లు. ఇక్కడ బాబాయిగారి పక్షాన ఒక మాట చెప్పాలి. అమెరికాలో స్థిరమైన ఉద్యోగం దొరికితే ఈ అప్పు తీరుతుంది, ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. 2023 నాటి అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో పోలీసులు, డిటెక్టివ్‌ల మధ్యస్థ వార్షిక వేతనం 74,910 డాలర్లు, ప్రొబేషన్ అధికారులది (జైలు బయట ఉంచిన దోషులను పర్యవేక్షించేవాళ్లది) 61,800 డాలర్లు. కన్సల్టెన్సీ వాళ్లు చూపించిన కాగితంలో ఉన్నవి ఇలాంటి అంకెలే అయి ఉంటాయి. అవి తప్పుడు అంకెలు కావు. అడగాల్సింది ఆ కుర్చీలో మిమ్మల్ని కూర్చోనిస్తారా అని.

ఈ రంగంలో ఉద్యోగం ఇచ్చేది ప్రధానంగా ప్రభుత్వం. కంప్యూటర్ చదువుకున్న పిల్లలకు వంద కంపెనీల తలుపులుంటాయి. నేరాల చదువుకు పోలీసు శాఖ, జైళ్లు, కోర్టులు, ప్రయోగశాలలు, అంతే. అక్కడ ఎఫ్‌బీఐ వంటి కేంద్ర సంస్థల్లో చేరాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండి తీరాలి. స్థానిక పోలీసు శాఖల్లోనూ ఎక్కువ చోట్ల అదే నియమం. కాలిఫోర్నియా 2023 నుంచి ఆ షరతు సడలించి, పని చేసే చట్టబద్ధ అనుమతి ఉంటే చాలంది. కానీ క్రిమినల్ జస్టిస్ చదివిన విదేశీ విద్యార్థికి దొరికే పని అనుమతి 12 నెలలు. నెలల తరబడి శిక్షణ ఇచ్చి, ఏడాదిలో వెళ్లిపోయే అవకాశం ఉన్న మనిషిని ఏ పోలీసు శాఖ తీసుకుంటుంది? ఇంకో విచిత్రం, అక్కడ చాలా పోలీసు శాఖలకు ఎంఎస్ అక్కర్లేదు. మన ఇంటర్మీడియట్‌తో సమానమైన చదువుతో చేర్చుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఆ దేశపు పిల్లలే ఈ డిగ్రీకి చేసిన అప్పు, వచ్చే జీతం పక్కపక్కన పెట్టుకుని తల పట్టుకుంటుంటారు. వాళ్లకు కనీసం పౌరసత్వం ఉంది.

ప్రైవేటు వైపు దారులు లేకపోలేదు. బ్యాంకుల్లో మోసాల విచారణ, దొంగ సొమ్ము లావాదేవీల నిఘా, బీమా క్లెయిముల పరిశీలన వంటి పనులున్నాయి. మీ మాదాపూర్ అనుభవం వాటికి దగ్గరిది. అయితే ఆ పనులు చేసే కార్యాలయాలు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. మీ కంపెనీ నుంచి మానేసి వెళ్లినవాళ్లు ఇప్పుడు ఎక్కడ, ఎంతకు చేస్తున్నారో నలుగురిని అడిగితే, ఏ కాలేజీ పుస్తకం చెప్పని నిజం ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది.

ఇక తిరిగి రావాల్సి వస్తే? మన దగ్గర ఆ డిగ్రీని ఎక్కడ చూపిస్తారు? ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలు, అది మీకు ఇప్పటికే ఉంది. ఫోరెన్సిక్ ప్రయోగశాల సైన్సు పీజీ అడుగుతుంది. ప్రాసిక్యూటర్ కావాలంటే న్యాయశాస్త్ర పట్టా కావాలి. క్రిమినల్ జస్టిస్ ఎంఎస్ కావాలని ప్రత్యేకంగా అడిగే ఉద్యోగ ప్రకటన మన రాష్ట్రంలో నా కంట పడలేదు. తెలంగాణలో ఎస్సై మూలవేతనం 2022 ప్రకటన ప్రకారం 42,300 రూపాయలతో మొదలు. మీ వాయిదా 70 వేలు. పదిహేనేళ్లకు సాగదీసిన 58 వేలైనా దానికంటే ఎక్కువే.

ఇంత చెప్పాక “వెళ్లకండి” అంటానని మీరు అనుకోవచ్చు. అలా అనను. వెళ్లాలనే ఉంటే కోర్సు మార్చుకుని వెళ్లడం ఒక దారి. ఫోరెన్సిక్ సైన్సు, కంప్యూటర్ ఫోరెన్సిక్స్ అమెరికా ప్రభుత్వం స్టెమ్ (సైన్సు, సాంకేతిక, ఇంజినీరింగ్, గణిత చదువుల) జాబితాలో ఉన్నాయి. అవి చదివితే పని అనుమతి మొత్తం 36 నెలల వరకు దొరుకుతుంది. మూడేళ్ల జీతంతో 51 లక్షల్లో పెద్ద ముక్కే తీర్చవచ్చు. ఉద్యోగమిచ్చిన కంపెనీ ముందుకొస్తే హెచ్‌1బీ వీసా లాటరీలోనూ ఒకటికి మూడుసార్లు పేరు వేయించుకోవచ్చు. మీ బీజెడ్‌సీలో రసాయనశాస్త్రం ఉంది కనుక అర్హత సమస్య పెద్దగా రాకపోవచ్చు. అక్కడ కూడా ప్రభుత్వ ప్రయోగశాలల్లో పౌరసత్వం అడ్డు రావచ్చు, ప్రైవేటు ప్రయోగశాలలు తక్కువ. జూదం జూదమే, కాకపోతే పాచికలు కాస్త మీవైపు పడే అవకాశం ఉంటుంది. మీ సామాజిక వర్గం ఏదో రాయలేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి కింద 20 లక్షల వరకు సాయం ఉంది, కుటుంబ వార్షికాదాయం ఐదు లక్షలు దాటకూడదు. నాన్నగారి ఆర్టీసీ జీతం ఆ గీతకు ఏ పక్కన ఉందో చూసుకోండి. అది దొరికితే మొత్తం లెక్కే మారిపోతుంది.

రెండో దారి మీ ఇంటికి దగ్గర్లోనే మొదలవుతుంది. ఉస్మానియాలో ఎంఎస్సీ ఫోరెన్సిక్ సైన్సు ఉంది, దానికి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. రెగ్యులర్ సీటు వస్తే ఫీజు వేలల్లోనే. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది, 2020 నాటి చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్య హోదా వచ్చింది. అక్కడ ఫీజు ఎక్కువే, అయినా 40 లక్షలతో పోల్చేది కాదు. రుణం కావాల్సి వచ్చినా ఏడున్నర లక్షల లోపైతే సాధారణంగా ఇల్లు తాకట్టు అడగరు. అర్హత ఉన్న సంస్థల్లో చేరితే, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవాళ్లకు పీఎం విద్యాలక్ష్మి కింద పది లక్షల వరకు రుణానికి మారటోరియం కాలంలో మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. విదేశీ చదువుకు ఇది వర్తించదు.

ఈ దారికి గిరాకీ పెరుగుతోందని చెప్పడానికి గట్టి కారణమే ఉంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176వ సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలికి వెళ్లి సాక్ష్యాలు సేకరించాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువు ఉంది. మీరు పన్నెండేళ్లప్పుడు చూసిన మనిషిలాంటి వాళ్లు ఇంకా చాలామంది కావాలన్నమాట. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల, రామంతాపూర్‌లో కేంద్ర ప్రయోగశాల, రెండూ మన ఊళ్లోనే ఉన్నాయి. అయితే “కావాలి” అన్నదానికీ “పోస్టులు పడ్డాయి” అన్నదానికీ మధ్య ప్రభుత్వంలో ఎన్నేళ్లు పడుతుందో ఆర్టీసీ కుటుంబంలో పుట్టిన మీకు నేను చెప్పాలా! ఆ పోస్టులకు కెమిస్ట్రీ, బయాలజీ ఎంఎస్సీలు చేసినవాళ్లు కూడా పోటీకి వస్తారు. కాబట్టి ఫోరెన్సిక్ కంటే ఎంఎస్సీ కెమిస్ట్రీ చేయడం నయమనే వాదన కూడా ఉంది. ప్రకటన రాని ఏళ్లలో మందుల కంపెనీల ప్రయోగశాలలు అన్నం పెడతాయి. మీకు అది చప్పగా అనిపించవచ్చు. నాకైతే గట్టి వాదనే అనిపిస్తుంది.

అన్నట్టు, మీ వేలిముద్రల ఆయన ఉద్యోగం ఏ చదువుతో వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? రాష్ట్ర పోలీసుల్లో వేలిముద్రల విభాగం ఒకటి ఉంది. అందులోకి ఏఎస్సైలను పోలీసు నియామక మండలే ఎంపిక చేస్తుంది. 2022 ఏప్రిల్ ప్రకటనలో ఆ పోస్టులు ఎనిమిది, సివిల్ ఎస్సై పోస్టులు 414. ఎనిమిదంటే గుండె జారుతుంది, నిజమే. కానీ ఆ తలుపు కొట్టడానికి పరీక్ష ఫీజు చాలు, పాస్‌పోర్టు అక్కర్లేదు. ఆ పాత ప్రకటన తీసి అర్హతల పేరా ఒక్కటి నిదానంగా చదవండి. మీ డిగ్రీ దానికి సరిపోతుందా, పక్కన కంప్యూటర్ కోర్సు ఏదైనా జోడించాలా అన్నది అందులోనే తేలుతుంది. ప్రపంచంలో మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో మొదలైంది. ఆ విద్య నేర్చుకోవడానికి డాలస్ దాకా వెళ్లాలనుకోవడం చూస్తే నాకు కొంచెం నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి.

పోలీసు పరీక్షల దారికి ఖరీదు డబ్బులో ఉండదు, వయసులో ఉంటుంది. ఆ 2022 ప్రకటనకు ఎస్సైల తుది ఫలితాలు వచ్చేసరికి 2023 ఆగస్టు అయింది. మళ్లీ ప్రకటన ఎప్పుడో ఎవరూ చెప్పలేరు, వయోపరిమితి మాత్రం ఆగదు. కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్ గదుల్లో నాలుగేళ్లు, ఐదేళ్లు కూర్చుని లేచినవాళ్లను చూశాను. అది కూడా అప్పే, బ్యాంకు పుస్తకంలో కనిపించదు, అంతే. ఉద్యోగం వదలకుండా సన్నద్ధం కాగలిగితేనే అది మీకు దారి అవుతుంది. లేదంటే ఇంకో గుంట.

న్యాయశాస్త్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. లాసెట్ రాసి మూడేళ్ల కోర్సులో చేరి, తర్వాత మూడేళ్లు ప్రాక్టీసు చేస్తే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకు అర్హత వస్తుంది. 70 శాతం హాజరు కావాలి కనుక మాదాపూర్ ఉద్యోగంతో పొసగదు. తప్పుగా స్టేషన్లో కూర్చోబెట్టిన ఆ కుర్రాడే మిమ్మల్ని ఎక్కువ కలచివేసి ఉంటే ఈ దారి ఆలోచించండి. కుంచె పట్టుకున్న చెయ్యి ఎక్కువ గుర్తుంటే వద్దు. ఏది ఎక్కువ గుర్తుందో మీకే తెలియాలి.

అసలు ఈ రంగం నాకు పడుతుందా అన్న అనుమానం ఏ మూలైనా ఉంటే, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం దూరవిద్యలో నేర న్యాయం, ఫోరెన్సిక్ సైన్సు మీద పీజీ డిప్లొమా ఉంది. ఉద్యోగం మానక్కర్లేదు. దానితో ఉద్యోగం రాదు. వచ్చేది మీ మనసు మీద మీకు స్పష్టత.

ఇక నాన్నగారు. బ్యాంకు బల్ల అవతల ఇలాంటి తండ్రులు ఎందరో కూర్చున్నారు. పిల్ల చదువు అనగానే కలం తీస్తారు, ఏ పేజీలో ఏముందో చూడరు. ఆయన అడగకపోవడం నమ్మకమో, అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారన్న బెంగో నాకు తెలియదు. కానీ ఆ సంతకం అర్థం ఆయనకు తెలియాలి. ఆయన సహ రుణగ్రహీత అవుతారు, అంటే అప్పు మీతో సమానంగా ఆయనది కూడా. వరుసగా తొంభై రోజులు వాయిదా అందకపోతే ఖాతా మొండి బకాయి అవుతుంది. తర్వాత సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు, ఆపైన కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. అన్ని కేసుల్లో అంతదాకా రాదు, గడువులిస్తారు, సర్దుబాట్లుంటాయి. అయినా ఆర్టీసీ ఉద్యోగికి విరమణ తర్వాత వచ్చే పీఎఫ్ పింఛను ఎంతో మీ ఇంట్లో అందరికీ తెలిసిందే. తమ్ముడి చదువు కూడా ఈ ఇంటి మీదే ఆధారపడి ఉందని మీ ఉత్తరంలో లేదు, నేను కలుపుతున్నాను.

అందుకని ఒక ఆదివారం పూట ఆయన డ్యూటీ లేనప్పుడు పక్కన కూర్చుని ఒక కాగితం మీద మూడంకెలు రాయండి: 51 లక్షలు, 70 వేలు, 12 నెలలు. ఏమిటివని ఆయన అడుగుతారు. అప్పుడు చెప్పండి. ఆ తర్వాత కూడా “పర్వాలేదు, వెళ్లు” అంటే, అది తెలిసి వేసిన అడుగు. మీ భయం సగం తగ్గుతుంది. ఇంకేదైనా అంటే, అదీ వినాల్సిన మాటే.

బాబాయిగారికి ఏం చెప్పాలని కూడా అడిగారు. ఆయన పెద్ద మనసుతో “నేనున్నాను కదా” అన్నారు. ఉండడమంటే ఏమిటో మర్యాదగా అడగవచ్చు. ఇంట్లో ఉంచుకుని అద్దె మిగల్చడమా, పూచీ సంతకం పెట్టడమా, ఏడాదిలో ఉద్యోగం దొరక్కపోతే కొన్నాళ్లు వాయిదాలు కట్టడమా? ఇది అడిగితే ఆయన నొచ్చుకుంటారని మీరు రాశారు. నొచ్చుకోవచ్చు. నాన్నగారు ఇల్లు పెడుతున్నప్పుడు ఆయన ఒక స్పష్టమైన మాట పెట్టడం ఎక్కువ అడగడం కాదు. పెళ్లి సంబంధాల గురించి మీ అమ్మగారి దిగులు కూడా రాశారు. అప్పు ఉందని వెనక్కి తగ్గే సంబంధం పోతే పోయింది, దాన్ని ఈ లెక్కలోకి తేకండి.

నెలాఖరు గడువు మిమ్మల్ని తొందరపెడుతోంది. చాలా విశ్వవిద్యాలయాలు ప్రవేశాన్ని వచ్చే సెమిస్టరుకు వాయిదా వేసుకోనిస్తాయి. ఈ రాత్రే వాళ్లకు రెండు ప్రశ్నలతో ఈమెయిలు రాయండి: సీటు ఆరు నెలలు ఆపుతారా, ఫోరెన్సిక్ సైన్సుకు మారడానికి వీలుంటుందా? గత రెండేళ్లలో ఈ కోర్సు పూర్తి చేసిన భారతీయ విద్యార్థులు ఎవరైనా ఉంటే మాట్లాడించమని కూడా అడగండి. కన్సల్టెన్సీ ద్వారా కాకుండా నేరుగా అడగండి. వాళ్ల జవాబు వచ్చేదాకా, నాన్నగారితో ఆ ఆదివారం గడిచేదాకా, ఇంటి దస్తావేజులు బీరువాలోనే ఉండనివ్వండి.